నిమ్మకాయ చుట్టూ గాజు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల గురించి తెలుగులో ఇంత ఇష్టంగా రాసేవాళ్లు దొరకడం నాకు సంతోషం. కానీ "గ్రహం ఎంత పెద్దదైతే, నక్షత్రం ముందు నుంచి అది దాటడం, అంటే ట్రాన్సిట్, మనకు కనబడే అవకాశం అంత ఎక్కువ" అన్నచోట ఆగిపోయాను.

గ్రహం పెద్దదైతే వెలుగు ఎక్కువ తగ్గుతుంది, నిజమే. అసలది మన చూపుకు అడ్డం వస్తుందా అన్నది వేరే లెక్క. నక్షత్రం వ్యాసార్ధాన్ని గ్రహం దూరంతో భాగించాలి. సూర్యుడి వ్యాసార్ధం సుమారు 7 లక్షల కిలోమీటర్లు, మనకూ సూర్యుడికీ మధ్య 15 కోట్లు. అంటే విశ్వంలో అన్ని దిక్కుల నుంచీ చూసేవాళ్లుంటే, 215 మందిలో ఒకరికే భూమి ట్రాన్సిట్ కనబడుతుంది. అంత పెద్ద గురుడో? సుమారు 1,100 మందిలో ఒకరికి!

ఇది రాసేముందు ఒక పని చెయ్యి. నిమ్మకాయ నక్షత్రం, చేతిగాజు గ్రహం తిరిగే కక్ష్య అనుకో. నిమ్మకాయ చుట్టూ గాజు పట్టుకోమని చెల్లెలికి చెప్పి, గది అవతలి నుంచి చూడు. గాజు కాస్త వంగినా అంచు నిమ్మకాయ మీదుగానే పోతుంది. గాజు బదులు సైకిల్ రిమ్ము పెట్టించు. ఏమాత్రం వంగినా అంచు కిందికి తప్పుకుంటుంది. 1999లో మొట్టమొదట ట్రాన్సిట్‌ చేస్తూ కనబడిన గ్రహం తన నక్షత్రానికి బాగా దగ్గరగా, మూడున్నర రోజులకో చుట్టు తిరిగేది కావడం ఇందుకే వింత కాదు.

శుక్రుడు 584 రోజులకోసారి మనకూ సూర్యుడికీ మధ్యకు వస్తాడు. అయినా కక్ష్య 3.4 డిగ్రీలు వంగి ఉంది కాబట్టి, 2012 తర్వాత సూర్యబింబం మీదుగా మళ్లీ దాటేది 2117లోనే. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు వేధశాల నుంచి అంకితం వెంకట నరసింగరావు 1874లో ఆ దృశ్యాన్ని గమనించారు. నీ వ్యాసం అక్కడ మొదలుపెట్టు.

చివరి పేరా మాత్రం ఒప్పుకోలేను. ట్రాన్సిట్ కనబడని నక్షత్రాలకు గ్రహాలే లేవన్నట్టు ధ్వనిస్తోంది. కెప్లర్ టెలిస్కోపు లక్షన్నర నక్షత్రాలను ఏళ్ల తరబడి కనిపెట్టి చూసింది. అవన్నీ సూర్యుడిలాంటివే, ప్రతిదానికీ మనంత దూరంలో ఒక గ్రహం ఉందనుకో. అప్పటికీ ముందు నుంచి దాటేవి సుమారు 700. మిగతా నక్షత్రాలు గొడ్డుపోయినవి కావమ్మా, వాటి కక్ష్యలు మన చూపుకు తిన్నగా లేవు, అంతే. అలా దొరికిన ఒక్కో గ్రహానికీ కనబడనివి రెండు వందల పైచిలుకు ఉంటాయి. ఆ కనబడనివాటిని పాఠకుడి లెక్కలోంచి జారిపోనివ్వకు.

నిమ్మకాయతో చూశాక ఆ పేరా తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు