అమెరికాలో చదువు, మొదటి కారు: నాన్నతో అప్పు చేయించాలా?

ప్రశ్న: టెక్సస్‌లోని డెంటన్‌లో ఎంఎస్ మొదటి ఏడాది చదువుతున్నాను. కారు లేక సరుకులకు కూడా ఇబ్బందిగా ఉంది. నా దగ్గర 7,000 డాలర్లు ఉన్నాయి. ఒక సీనియర్ తన 2013 మోడల్ కారు 6,500కి ఇస్తానంటున్నారు. ఇంకా మంచిది కొనుక్కోమని, ఖమ్మంలో రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెచ్చి పంపుతానని నాన్న అంటున్నారు. ఇప్పటికే ఎడ్యుకేషన్ లోన్ ఉంది. కారుంటే ఫుడ్ డెలివరీ చేసి అప్పు తీర్చేయొచ్చని ఫ్రెండ్స్ చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నాన్నగారికి ఫోన్ చేసి ఆ అప్పు చేయొద్దని చెప్పండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నెలకు 10,000 రూపాయలు వడ్డీకే పోతాయి, అసలు కదలదు. పైగా కారు ధర ఏటేటా తగ్గుతుంది. మీ చదువు కోసం ఇప్పటికే లోన్ మోస్తున్న ఇంటి మీద ఇంకో భారం వేయకండి.

డెలివరీ ఆలోచన పూర్తిగా మానుకోండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయొచ్చు. అనుమతి లేకుండా బయట పని చేస్తే స్టేటస్ పోతుంది. ఇంకొకరి అకౌంట్‌తో చేసినా తప్పు తప్పే. లక్షలు పెట్టి చదువుతున్న డిగ్రీని ఆ కాస్త డబ్బు కోసం పణంగా పెట్టొద్దు.

అయితే కారు వద్దని నేను అనను. టెక్సస్‌లో దాని అవసరం ఎంతో నాకు తెలుసు. కాకపోతే 7,000 ఉన్నాయని 6,500 కారు మీదే పెట్టేయకూడదు. మీరు 4,500 దాటకుండా చూసుకోండి. దాని మీద 6.25 శాతం సేల్స్ ట్యాక్స్, అంటే సుమారు 280 డాలర్లు అవుతుంది. వ్యక్తుల దగ్గర కొన్నప్పుడు మీరు చెప్పిన ధర, ప్రభుత్వం లెక్కగట్టిన మార్కెట్ విలువలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద ట్యాక్స్ వేస్తారు. కాబట్టి కాగితం మీద ధర తక్కువ రాయించుకున్నా పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు, అది తప్పు కూడా. టైటిల్ (కారు ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ ఫీజులు, మెకానిక్ ఖర్చు కూడా తీసేస్తే దాదాపు 2,000 డాలర్లు మిగులుతాయి. అందులోంచి ఇన్సూరెన్స్ కట్టండి, కనీసం 1,000 రిపేర్లకు ముట్టుకోకుండా ఉంచండి. సీనియర్ ధర బాగా తగ్గిస్తే సరే, లేకపోతే మొహమాటపడకుండా వదిలేయండి.

అన్నిటికంటే మెకానిక్ పరీక్ష గురించి గట్టిగా చెబుతున్నాను. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ తీసేశారు. డెంటన్ కౌంటీలో పొగ పరీక్ష మాత్రం ఉంది. అంటే బ్రేకులు, టైర్లు ఎలా ఉన్నాయో ప్రభుత్వం తరఫున ఎవరూ చూడరు, ఆ పని మీరే చేయించుకోవాలి. అమ్మేవాళ్లకు సంబంధం లేని మెకానిక్ దగ్గరికి కారు తీసుకెళ్లండి. 100 నుంచి 200 డాలర్లు అవుతుంది. ఎంత తెలిసినవాళ్లయినా దీనికి ఒప్పుకోకపోతే ఆ కారు కొనొద్దు.

దానికి ముందే ఇంట్లో కూర్చుని విన్ నంబర్‌తో (ప్రతి కారుకూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) కొంత తెలుసుకోవచ్చు. రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ ఉచితంగా చేసిచ్చే రిపేర్లు) పెండింగ్‌లో ఉన్నాయేమో ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో, దొంగ బండా, సాల్వేజ్ (బాగా పాడైందని ఇన్సూరెన్స్ వాళ్లు వదిలేసిన) బండా అనేది ఇన్సూరెన్స్ మోసాలను పట్టుకునే ఎన్‌ఐసీబీ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. కారు పాత చరిత్ర రిపోర్టు ఇచ్చే కార్‌ఫ్యాక్స్‌కి డబ్బు కట్టాలి, కట్టండి. టైటిల్ మీద సాల్వేజ్ లేదా రీబిల్ట్ (అలాంటి బండిని బాగుచేసింది) అని ఉంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. 2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్ ప్రాంతంలో ఎన్నో కార్లు నీళ్లలో మునిగాయి. అందుకే పాత బండి అయితే కార్పెట్ కింద తుప్పు, వాసన కూడా చూడమంటాను.

ఇన్సూరెన్స్ కోట్ కారు కొనకముందే తీసుకోండి. టెక్సస్‌లో తప్పనిసరి లయబిలిటీ 30/60/25. ఎదుటివాళ్ల గాయాలకు ఒక్కొక్కరికి 30,000, మొత్తం ప్రమాదానికి 60,000, వాళ్ల ఆస్తి నష్టానికి 25,000 డాలర్లు. ఒక మంచి ట్రక్కును గుద్దితే ఆ 25,000 చాలకపోవచ్చు. 4,500 డాలర్ల కారుకి ఫుల్ కవరేజ్ (మీ కారు నష్టానికి కూడా డబ్బు వచ్చేది) అక్కర్లేదు గానీ లయబిలిటీ మాత్రం కనీసం కంటే పెంచుకోండి. మీ గాయాలకు పనికొచ్చే పీఐపీని, ఇన్సూరెన్స్ లేనివాళ్లు గుద్దితే ఆదుకునే కవర్‌ను వద్దంటూ ప్రీమియం తగ్గించుకోవడానికి సంతకం పెట్టకండి. కారును రూమ్మేట్లు కూడా నడిపేటట్టయితే వాళ్ల పేర్లు పాలసీలో చేర్చండి. చేర్చకపోతే, వాళ్లు గుద్దినప్పుడు క్లెయిమ్ దగ్గర చిక్కులొస్తాయి.

డీలర్ ఫైనాన్స్ ఆశ చూపినా ఒప్పుకోకండి. క్రెడిట్ హిస్టరీ లేని విద్యార్థికి వడ్డీ చాలా ఎక్కువ వేస్తారు.

బేరం కుదిరితే డబ్బు చేతికిచ్చి తాళం తీసుకుని వచ్చేయకండి. టైటిల్, 130-యూ ఫారం (టైటిల్ మార్పు దరఖాస్తు) మీద ఇద్దరూ సంతకాలు చేసి, వీలైతే అమ్మేవాళ్లను వెంటబెట్టుకుని కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లండి. మీ పేరుకు మార్చుకోవడానికి 30 రోజులు గడువు ఉన్నా అదే రోజు చేయించుకుంటే మంచిది. టైటిల్ మీద బ్యాంకు పేరు ఉంటే, లోన్ తీరిందని, కారు మీద తమకిక హక్కు లేదని బ్యాంకు ఇచ్చే లియన్ రిలీజ్ కాగితం చూడనిదే డబ్బు ఇవ్వొద్దు.