వానాకాలంలో పొదుపు, కార్తికంలో బైనాక్యులర్

ప్రశ్న: మాది ఏలూరు. నా జీతం నెలకు 48,000 రూపాయలు. అందులో ఇంటి రుణ వాయిదాకే 14,000 పోతుంది. అత్యవసరానికని బ్యాంకులో 60,000 ఉంచాం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి చుక్కలంటే ప్రాణం. 42,000 రూపాయల టెలిస్కోపును వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో ఇస్తామంటున్నారు. ఈ ఆషాఢంలోనే తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. అలాగని అమ్మాయి ముచ్చటను పక్కన పెట్టమనను. ఆకాశంతో కొత్తగా పరిచయం చేసుకునేవారికి మంచి బైనాక్యులర్ చాలు.

ముందు ఆ ‘వడ్డీ లేని’ వాయిదా సంగతి. మొత్తం ఒకేసారి చెల్లిస్తే ఎంతకిస్తారో దుకాణంలో అడగండి. ధర తగ్గితే ఆ తేడాయే మీరు కట్టే వడ్డీ. క్రెడిట్ కార్డు వాయిదాలైతే వడ్డీ భాగం మీద, ప్రాసెసింగ్ రుసుము మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. పైగా మీ అత్యవసర నిధి నెలన్నర జీతానికి కూడా చాలదు. నన్ను కలవరపెడుతున్నది అదే.

బైనాక్యులర్‌లో 10×50 రకం చూడండి. 10 అంటే పది రెట్లు పెద్దగా చూపుతుందని, 50 అంటే ముందు కటకం వ్యాసం 50 మిల్లీమీటర్లని. చీకట్లో అక్కరకొచ్చేది రెండో అంకె. కటకం పెద్దదైతే ఎక్కువ వెలుతురు లోపలికి చేరుతుంది. పది రెట్లు దాటితే చేతి వణుకుకు చుక్కలు నిలవవు. జూమ్ రకాల జోలికి వెళ్లకండి. పేరున్న కంపెనీలవి సుమారు ఎనిమిది నుంచి పన్నెండు వేలలో దొరుకుతాయి. అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. రెండు గొట్టాలూ ఆమె కళ్ల ఎడానికి సరిపోవాలి. దూరంగా ఉన్న సెల్ టవరు కొసను చూపించండి. అది ఒకే బొమ్మగా కనబడకపోతే ఆ వస్తువు వద్దు, వాడినకొద్దీ తలనొప్పి తెస్తుంది.

తొందర కూడా లేదు. ఇప్పుడు కొన్నా కొన్ని నెలలు మబ్బులనే చూడాలి. వాయిదాకు కట్టాలనుకున్న 3,500లో 2,500 వేరే పొదుపు ఖాతాలో వేయండి. ఇంటి ఖర్చుల ఖాతాలో ఉంచితే తెలియకుండానే కరిగిపోతుంది. మిగతా వెయ్యిని అత్యవసర నిధికి చేర్చండి. నాలుగు నెలలకు చేతిలో 10,000 ఉంటుంది, కార్తికమూ వస్తుంది. కొన్నాక 3,500 మొత్తాన్నీ ఆ నిధికే మళ్లిస్తే ఏడాది తిరిగేసరికి అది 92,000 అవుతుంది.

శని వలయాలు ఇందులో కనబడవని అమ్మాయికి ముందే చెప్పండి. చంద్రుడి మీది గుంతలు కనిపిస్తాయి. 1610లో గెలీలియో చూసిన బృహస్పతి నాలుగు ఉపగ్రహాలూ, చేయి కదలకుండా ఆనించి పట్టుకుంటే, చుక్కల్లా కనిపిస్తాయి. దానితో సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ చూడకూడదు, చూపు పోతుంది. ఏలూరు తేమకు కటకాలకు బూజు పడుతుంది కాబట్టి గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. ఆసక్తి చుక్కల మీద నుంచి మళ్లినా డబ్బు వృథా కాదు, కొల్లేరులో ఆటపాక గూడబాతులను చూడటానికి పనికొస్తుంది.

కార్తిక పౌర్ణమినాడు కృత్తికల దగ్గరే చంద్రుడుంటాడు, ఆ వెన్నెలలో అవి వెలవెలబోతాయి. ఓ పది రోజులు ఆగి, రాత్రి ఎనిమిదింటికి డాబా మీద నుంచి తూర్పు వైపు చూడమనండి. మామూలు కంటికి ఆరుగా కనిపించే కృత్తికలు అందులో పదుల సంఖ్యలో కనిపిస్తాయి.