చారల ఆకులు పచ్చబడిపోతుంటే

ప్రశ్న: మా ఇంట్లో మీగడ రంగు అంచులున్న రబ్బరు మొక్క ఉంది. ఈమధ్య ఒక పక్క నుంచి వచ్చిన కొమ్మకి ఆకులన్నీ ముదురాకుపచ్చగా వస్తున్నాయి. ఆ కొమ్మే అన్నిటికంటే ఏపుగా పెరుగుతోంది. మిగతా ఆకుల రంగు కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎరువు వేస్తే అంచులు మళ్లీ వస్తాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఎరువుతో రావండీ. ఆ పచ్చ కొమ్మని ఈ వారమే తీసేయండి, మిగతా మొక్క మీకు దక్కుతుంది. రంగు తగ్గుతోందని రాసేవాళ్లలో చాలామంది ఏ భాగంలో తగ్గిందో చెప్పరు. మీరు ‘ఒక పక్క నుంచి వచ్చిన కొమ్మ’ అని రాశారు కాబట్టి సంగతి తేలిగ్గా తెలిసిపోయింది. మొక్క మొత్తం మీద రంగు మందగిస్తే ముందు వెలుతురు చూసుకోవాలి. ఒక్క కొమ్మే పచ్చబడి మిగతావి ఎప్పటిలా ఉంటే, ఆ కొమ్మ తన పాత రకానికి తిరిగిపోయిందని అర్థం.

ఎందుకిలా జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను. చిగురు కొసన కొత్త ఆకుల్ని తయారుచేసే కణాలు పొరలు పొరలుగా ఉంటాయి, టోపీ మీద టోపీ పెట్టినట్టు. మామూలు మొక్కలో ఈ పొరలన్నీ ఒకే రకం. ఇలా అంచులున్న మొక్కల్లో చాలావాటికి ఏదో ఒక పొర పత్రహరితం చేసుకునే శక్తిని కోల్పోయి ఉంటుంది. ఆకులో ఆ పొర నుంచి వచ్చిన భాగం తెల్లగానో లేతపసుపుగానో, మిగతాది పచ్చగా కనిపిస్తుంది. 1909లో ఎర్విన్ బౌర్ అనే జర్మన్ శాస్త్రవేత్త తెల్లంచు జెరేనియం మొక్కల మీద పనిచేసి ఈ సంగతి తేల్చాడు. అంటే మీ కుండీలో ఉన్నది ఒక్క మొక్కే అయినా అందులో రెండు రకాల కణాలు కలిసి కాపురం చేస్తున్నాయి. పొరల హద్దు ఎప్పుడూ ఒకేలా నిలవదు. పచ్చ కణం ఒకటి తెల్ల పొర చోటులోకి జరిగి, సరిగ్గా అక్కడే మొగ్గ పుట్టిందంటే ఆ కొమ్మ అంతా పచ్చగానే వస్తుంది.

ఒకసారి వచ్చాక అది ఊరుకోదు. ఆకు నిండా పత్రహరితం ఉంది కాబట్టి ఆహారం ఎక్కువ చేసుకుంటుంది, చారల కొమ్మల్ని దాటి పెరిగి వాటికి నీడ పెడుతుంది. వదిలేస్తే చివరికి మిగిలేది మామూలు రబ్బరు మొక్కే. అంత ఆరోగ్యంగా ఉన్న కొమ్మని కోయడానికి మనసొప్పదు, నాకు తెలుసు. అయినా కోయాల్సిందే.

కోసేటప్పుడు కొస తుంచితే లాభం లేదు. కింద మిగిలిన కణుపుల నుంచి మళ్లీ పచ్చ కొమ్మలే వస్తాయి. ఆ కొమ్మని పట్టుకుని కిందికి వెళ్లండి, అది కాండం నుంచి ఎక్కడ బయల్దేరిందో అక్కడికంటా తీసేయండి. రబ్బరు మొక్క పాలు ఒంటికి తగిలితే దురద పెడుతుంది, చేతికి గ్లవ్స్ వేసుకుని, కారే పాలని తడిగుడ్డతో అద్దండి.

మనీప్లాంట్ లాంటి తీగల్లో అయితే కాండాన్ని దగ్గరగా చూడండి. దాని మీద కూడా సన్నగా తెల్ల చారలు కనిపిస్తాయి. చార మీద కూర్చున్న కణుపు నుంచి వచ్చే చిగురుకి రంగు దక్కే అవకాశం ఎక్కువ. మంచి చారలున్న చివరి ఆకు దగ్గరికి వచ్చి, ఆ కణుపుకి కాస్త పైన కోయాలి. పూర్తిగా తెల్లటి కొమ్మ వస్తే మురిసిపోకండి. అది తన ఆహారం తను చేసుకోలేదు, పక్క ఆకుల మీదే బతుకుతుంది. అలాంటివి ఎక్కువైతే మొక్క నీరసిస్తుంది, కొన్నిటిని తీసేయడమే మేలు.

ఇక వెలుతురు తక్కువై రంగు తగ్గితే చికిత్స సులువు. ఎండ నేరుగా పడకుండా, బాగా వెలుతురు వచ్చే చోటికి మార్చండి. నేరుగా ఎండ పడితే తెల్ల భాగాలే ముందు మాడి గోధుమరంగుకి తిరుగుతాయి. ఇప్పటికే వచ్చేసిన ఆకులు పెద్దగా మారవు, తేడా కొత్త ఆకుల్లోనే తెలుస్తుంది. నత్రజని ఎక్కువున్న ఎరువులు కూడా తగ్గించండి. క్రోటన్ లేతాకులు పచ్చగా ఉంటే మాత్రం కంగారు అక్కర్లేదు, చాలా రకాల్లో ముదిరేకొద్దీ రంగు ఎక్కుతుంది.

ప్రశ్న: పసుపు అంచుల స్నేక్ ప్లాంట్ ఆకుని ముక్కలు చేసి నాటాను. పిలకలు వచ్చాయి కానీ ఒక్కదానికీ అంచు లేదు. ఎందుకు?

జవాబు: ఆకు ముక్క నుంచి పుట్టే పిలక లోపలి పచ్చ కణాల నుంచి మొదలవుతుంది, అందుకే పసుపు పొర దానికి అందదు. అంచు కావాలంటే కుండీలోంచి మొక్కని బయటికి తీసి, మట్టిలోని దుంపని వేళ్లతో సహా విడదీసి నాటండి.

గింజల మీద కూడా ఆశ పెట్టుకోకండి. చారల చంద్రకాంత మొక్కల్లో పచ్చ కొమ్మ గింజకి పచ్చ మొలక, తెల్ల కొమ్మ గింజకి తెల్ల మొలక వస్తుందని, పుప్పొడి ఏ కొమ్మదైనా తేడా ఉండదని 1909లోనే కార్ల్ కోరెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించాడు. చారల కొమ్మ గింజలకి మాత్రం మూడు రకాలూ వస్తాయి. వాటిలో తెల్ల మొలకలు గింజలోని ఆహారం అయిపోగానే చనిపోతాయి.