ట్యూబు ఆకుపచ్చగా తిరిగితే

చిరంజీవి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన వివరాలు చూశాను. నీ కొత్త చేపల ట్యాంకు పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 36. నీళ్లు పోసి 10 రోజులు, లోపల ఆరు చేపలు. పరీక్ష కిట్‌లో ట్యూబు ఆకుపచ్చగా తిరిగి చూపించిన అమ్మోనియా 4 పిపిఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.8, నీటి వేడి 28 డిగ్రీలు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయన్నావు. అలాగైతే రాబోయే రెండు పేరాలు చదివి, ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చెయ్యి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

సగం నీళ్లు మార్చాలి. కొలతలు గుణించి వెయ్యితో భాగిస్తే దాదాపు 65 లీటర్లు వస్తాయి గానీ, గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నీ ట్యాంకులో ఉన్నది 55 లీటర్లే. అంటే 27 లీటర్లు తియ్యాలి. గొట్టంతో అడుగు నుంచి లాగు, గులకరాళ్ల మధ్య కుళ్లుతున్న మేత కూడా వచ్చేస్తుంది. కొత్త నీళ్లు బకెట్లో పట్టి, అందులోనే యాంటీ క్లోరిన్ (కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ను విరిచే మందు) కలిపి, ట్యాంకు నీళ్ల వేడికి ఒకటి రెండు డిగ్రీల తేడాలోకి తెచ్చి, నెమ్మదిగా పొయ్యి. బకెట్ లేకుండా పైపుతో నేరుగా ట్యాంకులోకే పట్టేటట్టయితే యాంటీ క్లోరిన్ మోతాదు కొత్త నీళ్లకు కాదు, మొత్తం 55 లీటర్లకు వెయ్యాలి. అదీ నీళ్లు పట్టడానికి ముందే.

ఇలా చేస్తే 4 కాస్తా 2 అవుతుంది. పన్నెండు గంటలాగి మళ్లీ సగం మారిస్తే 1కి దిగుతుంది, ఇంకోసారికి అర. ఈలోపు చేపలు విడిచేది కలుస్తూనే ఉంటుంది కాబట్టి నిజంగా ఇంకొంచెం ఎక్కువే చూపిస్తుంది. ఒకేసారి 90 శాతం మార్చేద్దామని తొందరపడకు. వేడి, పీహెచ్ ఒక్కసారిగా మారితే, ఇప్పటికే మొప్పలు కాలి ఉన్న చేప తట్టుకోలేదు. నీళ్లు మార్చడంతోపాటు ఎయిర్ స్టోన్ (నీళ్లలోకి గాలి బుడగలు వదిలే రాయి) కూడా పెట్టు. అది అమ్మోనియాను గాల్లోకి పంపేస్తుందని కొందరంటారు. ఈ పీహెచ్‌లో అలా పోయేది చాలా తక్కువ. దెబ్బతిన్న మొప్పలకు ఎక్కువ ఆక్సిజన్ అందించడానికే ఎయిర్ స్టోన్.

ఇప్పుడు ఆ 4 అనే అంకె సంగతి. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో రెండు రూపాలుంటాయి. ఒకటి చేపకు పెద్దగా హాని చెయ్యని అమ్మోనియం, రెండోది మొప్పల్లోంచి నేరుగా రక్తంలోకి దూరే అమ్మోనియా. ఏది ఎంతన్నది పీహెచ్, వేడి తేలుస్తాయి. నీ 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే విషం వాటా నూటికి ఒక పాలు కూడా ఉండదు, 0.7 శాతం. 7.8 దగ్గర అది 4 శాతం దాటుతుంది, 8.2 దగ్గర 10 శాతం. అంటే నీ 4 పిపిఎంలో అసలు విషం సుమారు 0.17. చేపకు ఇబ్బంది మొదలయ్యేది 0.02 దగ్గర. అదే 4 పిపిఎం పీహెచ్ 6.5 ఉన్న నీళ్లలో అయితే విషం 0.01 లోపే. అందుకే ఒకరి ట్యాంకులో 4 ఉన్నా చేపలు తిరుగుతుంటాయి, ఇంకొకరి ట్యాంకులో 1కే తేలిపోతాయి. పీహెచ్ చెప్పకుండా అమ్మోనియా అంకె ఒక్కటే చెప్పి సలహా అడిగేవాళ్లకు జవాబు చెప్పడం కష్టం. నువ్వు రెండూ రాశావు, మంచిపని చేశావు.

నీ ట్యాంకుకు నేను పెట్టే గీత అర పిపిఎం. 7.8 దగ్గర అర అంటే విషం దాదాపు ఆ 0.02. రోజూ ఒకే వేళకు పరీక్ష చెయ్యి. అర దాటిన రోజు సగం నీళ్లు మార్చు, దాటని రోజు వదిలెయ్యి. సున్నాకు తేవాలని పట్టుబట్టక్కర్లేదు. ఇన్ని నీళ్లు మారిస్తే అమ్మోనియాను తినే మంచి బాక్టీరియా పోతుందేమోనని భయపడకు. అది నీళ్లలో తేలుతూ ఉండేది కాదు. స్పాంజికి, రాళ్లకు, అద్దానికి జిగురుగా అంటుకుని ఉంటుంది. అరకు లోపలున్న అమ్మోనియా కూడా దానికి తిండే.

పరీక్షలో ఒక జాగ్రత్త. స్ట్రిప్పులు కాకుండా చుక్కల కిట్ వాడు. సీసా నిటారుగా తలకిందులు చేసి చుక్కలు వెయ్యి, వాలిస్తే చుక్క సైజు మారుతుంది. కిట్‌లో రాసినన్ని నిమిషాలు ఆగి, పగటి వెలుగులో తెల్ల కాగితం ముందు చూడు. పసుపుపచ్చని బల్బు కింద పసుపుకు, ఆకుపచ్చకు తేడా సరిగ్గా తెలియదు. ఆపైన కుళాయి నీళ్లనూ ఒకసారి పరీక్షించు. కొన్నిచోట్ల నీటిశుద్ధికి క్లోరిన్ బదులు క్లోరమిన్ వాడతారు. అది క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం. మామూలు థయోసల్ఫేట్ రకం యాంటీ క్లోరిన్ అందులోని క్లోరిన్‌ను విరిచేసి అమ్మోనియాను నీళ్లలోనే వదిలేస్తుంది. అప్పుడు నువ్వు మార్చిన ప్రతి బకెట్టూ కొంత అమ్మోనియాను మోసుకొస్తుంది. ఒక రాత్రి నిలవబెడితే క్లోరిన్ పోవచ్చు గానీ క్లోరమిన్ పోదు. అలాంటి నీళ్లకు అమ్మోనియాను కూడా కట్టిపడేసే రకం కండిషనర్ (నీళ్లను చేపలకు అనువుగా మార్చే మందు) కావాలి, సీసా మీద ఆ మాట రాసి ఉంటుంది. అది కట్టేసిన అమ్మోనియా ఒకటి రెండు రోజులు చేపకు తగలదు, బాక్టీరియా మాత్రం తినగలదు. అయితే చాలా కిట్లు కట్టేసినదాన్ని కూడా కలిపే చూపిస్తాయి. అందుకని కండిషనర్ వేశాక అంకె తగ్గలేదని మళ్లీ మళ్లీ పొయ్యకు.

మేత సంగతికొస్తే, ఈ మొత్తం గొడవకు మూలం అదే. అమ్మోనియా ఎక్కడినుంచో ఊడిపడలేదు, నువ్వు వేసిన మేతలోని మాంసకృత్తులే చేప మొప్పల గుండా అలా బయటికొస్తున్నాయి. 40 శాతం మాంసకృత్తులున్న మేత ఒక గ్రాము తింటే సుమారు 35 మిల్లీగ్రాముల అమ్మోనియా విడుదలవుతుంది. నీ 55 లీటర్లలో అది అర పిపిఎం పైనే. తినకుండా అడుగున పడి కుళ్లిన గ్రాము ఇంకా ఎక్కువ ఇస్తుంది. మూడు రోజులు మేత పూర్తిగా ఆపు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు మూడు రోజుల పస్తు ఒక లెక్కలోది కాదు, అద్దం దగ్గరికొచ్చి ఎంత బతిమాలినా సరే. ఆ తర్వాత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో ఖాళీ చేసేంతే వెయ్యి. ఆకులు పసుపెక్కిన మొక్కలుంటే గిల్లిపారెయ్యి. ఒక్క చేప కనబడకపోయినా రాళ్ల వెనక వెతుకు. చచ్చి దాగిన చేప ఒక్కటి చాలు, నువ్వు మార్చిన నీళ్లన్నీ వృథా చెయ్యడానికి.

ఇదంతా గడువు కొనుక్కోవడమేనమ్మా. అమ్మోనియాను అసలు తినాల్సింది ఫిల్టర్‌లో పెరిగే బాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, అదీ చేపకు విషమే. ఇంకొకటి ఆ నైట్రైట్‌ను పెద్దగా హాని లేని నైట్రేట్ చేస్తుంది. మామూలు బాక్టీరియా అరగంటకోసారి రెట్టింపయితే, వీటికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలంటారు. దాన్ని కుదించే దారి నాకు తెలిసి ఒక్కటే నమ్మకమైనది: కొన్ని నెలలుగా నడుస్తున్న, జబ్బులు లేని ట్యాంకులోంచి పాత స్పాంజి ముక్క తెచ్చి నీ ఫిల్టర్‌లో పెట్టడం. ఆ ట్యాంకు నీళ్లలోనే తడిగా, వేడి తగలకుండా తెచ్చి, గంట రెండు గంటల్లో పెట్టెయ్యాలి. పాత ట్యాంకు నీళ్లు మాత్రం తెచ్చి పోస్తే లాభం లేదు, బాక్టీరియా ఉండేది స్పాంజిలో. సీసాల్లో అమ్మే బాక్టీరియా కొన్ని పనిచేస్తాయి, కొన్ని ఎండలో నిలవుండి చచ్చి వస్తాయి. కొంటే గడువు తేదీ చూసి కొను, దాని మీదే ఆశ పెట్టుకోకు.

ఫిల్టర్‌ను రాత్రిళ్లు ఆపకు. అందులోని బాక్టీరియాకు ఆక్సిజన్ పారే నీళ్లతోనే అందుతుంది. మూసి ఉన్న ఫిల్టర్ చాలా గంటలు ఆగిపోతే లోపలి నీళ్లు పారబోసి, స్పాంజిని ట్యాంకు నీళ్లలో జాడించి మళ్లీ నడుపు. స్పాంజిని కుళాయి కింద పిండొద్దు, క్లోరిన్‌తో నెల రోజుల కష్టం ఒక్క నిమిషంలో పోతుంది. నీళ్లు పారడం బాగా తగ్గితేనే, ట్యాంకులోంచి తీసిన నీళ్ల బకెట్లో రెండుసార్లు నొక్కి తీసెయ్. ఫిల్టర్ డబ్బా మీద "నెలకోసారి కార్ట్రిడ్జ్ (లోపలి వడపోత గుళిక) మార్చండి" అని ఉంటుంది. ఆ మాట వినకు. బాక్టీరియా చాలావరకు ఉన్నదే ఆ కార్ట్రిడ్జ్ మీద. అందులోని యాక్టివేటెడ్ కార్బన్ అమ్మోనియాను పట్టదు కూడా.

జియోలైట్ అని ఒక రాయి ఉంది, అది నిజంగానే అమ్మోనియంను పీలుస్తుంది. రోజూ నీళ్లు మార్చడం కుదరకపోతే ఒక జాలీ సంచిలో వేసి ఫిల్టర్‌లో పెట్టుకోవచ్చు. కానీ అది ఉండగా ఉప్పు వెయ్యకు, పీల్చిందంతా తిరిగి నీళ్లలోకి కక్కేస్తుంది. పీహెచ్ తగ్గించే మందులు వేసి విషం వాటా తగ్గిద్దామనే ఆలోచన కూడా వద్దు. అది ఒక పూట తగ్గి మళ్లీ లేస్తుంది, ఆ ఊగిసలాటే చేపను చంపుతుంది. చేపలు నీరసంగా ఉన్నాయని యాంటీబయాటిక్ వేస్తే మంచి బాక్టీరియా కూడా పోవచ్చు. త్వరగా పెరిగే మొక్కలు మాత్రం ఎన్ని వేసినా మంచిదే. హార్న్‌వర్ట్, పైన తేలే డక్‌వీడ్ లాంటివి అమ్మోనియంను నేరుగా తింటాయి.

రెండో మూడో వారంలో అమ్మోనియా తనంత తనే దిగుతుంది. అప్పుడు సంబరపడి మేత పెంచకు, నైట్రైట్ లేచే వేళ అది. నైట్రైట్ రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. దానికీ నీళ్లు మార్చడమే, కాకపోతే ఇక్కడ ఉప్పు సాయపడుతుంది: 10 లీటర్లకు 1 గ్రాము, నీకు ఐదున్నర గ్రాములు. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది. బకెట్లో కరిగించి పొయ్యి, తర్వాత నీళ్లు మార్చినప్పుడు కొత్త నీళ్లకు సరిపడా మాత్రమే కలుపు.

ఒక చిక్కు ముందే చెప్పి ఉంచుతాను. బాక్టీరియా పనిచేస్తుంటే నీళ్లలోని కార్బొనేట్ గట్టిదనం, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే కేహెచ్, ఖర్చవుతుంది. నీళ్లు మార్చడం మానేస్తే కేహెచ్ అయిపోయి పీహెచ్ 6 వైపు జారుతుంది, అక్కడ బాక్టీరియా పని దాదాపు ఆపేస్తుంది. అమ్మోనియా పేరుకుంటుంది గానీ, పీహెచ్ తక్కువ కాబట్టి అది అమ్మోనియంగా ఉండి చేపలు మామూలుగానే ఈదుతుంటాయి. అప్పుడు పీహెచ్ 8 ఉన్న కొత్త నీళ్లు సగం పోశావా, ఆ అమ్మోనియం కాస్తా విషంగా మారుతుంది. "నీళ్లు మారిస్తేనే చచ్చిపోయాయి" అని జనం అనేది చాలావరకు ఇదే. అలాంటి స్థితి కనబడితే అమ్మోనియాను కట్టే కండిషనర్ ముందు వేసి, రోజుకు 10 శాతం చొప్పున మార్చుకుంటూ రావాలి. కేహెచ్ 3 డిగ్రీల (ఇవి వేడి డిగ్రీలు కావు, కేహెచ్ కొలత) కిందికి రానివ్వకుంటే ఈ పరిస్థితే రాదు. అమ్మోనియా అర లోపు ఉన్నప్పుడు మాత్రమే వంటసోడాతో పెంచవచ్చు: నీ ట్యాంకుకు ఒకటిన్నర గ్రాము వేస్తే సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. రోజుకు అంతకన్నా వద్దు.

మేత వేసిన మర్నాడు కూడా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి, నైట్రేట్ కనబడుతూ, ఇలా వారం రోజులు వరసగా ఉంటే నీ ట్యాంకు కుదురుకున్నట్టు. కొత్త చేపలు అప్పటిదాకా వద్దు. ఆ తర్వాత కూడా ఒకేసారి రెండుకు మించి దించకు. దించాక వారం పాటు రోజూ కిట్ తియ్యి.

ఇవాళ రాత్రి రెండోసారి నీళ్లు మార్చిన గంటకు అమ్మోనియా, పీహెచ్, కుళాయి నీళ్ల అమ్మోనియా మూడూ నాకు రాసి పంపు.

మీ పెదనాన్న