అమ్మ గొలుసు అమ్మి పాట కొనుక్కోవాలా?

నాకు ఇరవై ఏళ్లు. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ మిషన్ కుడుతుంది. నా చదువు ఖర్చంతా మేనమామే పెట్టాడు. ఇంటర్ నుంచే ఆర్కెస్ట్రాలో పాడుతున్నాను. పెళ్లిళ్లు, తిరునాళ్లు, వినాయక చవితి పందిళ్లు. ప్రోగ్రాముకు రెండు వేల దాకా ఇస్తారు. రాత్రిళ్లు పాడి పొద్దున్నే కాలేజీకి వెళ్లలేక, అటెండెన్స్ తగ్గి, బీకాం రెండో ఏడాదిలో మానేశాను. మామయ్యకు చెప్పలేదు. ఆర్నెల్ల తర్వాత ఎవరి ద్వారానో తెలిసింది. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. “ఆర్కెస్ట్రా పిల్లని ఎవరు చేసుకుంటారు?” అని అమ్మతో అన్నాడట. విజయవాడలో ఒక స్టూడియోలో నాలుగు పాటలకు ట్రాక్ (అసలు రికార్డింగుకు ముందు పాడే నమూనా) పాడాను. డబ్బివ్వలేదు, పేరొస్తుందన్నారు. బయటికొచ్చిన పాటల్లో వేరే అమ్మాయి గొంతు ఉంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సంస్థ ఏడాది కోర్సుకు రెండు లక్షలు కడితే సినిమాలో పాట గ్యారంటీ అంటోంది. అమ్మ తన గొలుసు అమ్మి ఇస్తానంటోంది. డిగ్రీ లేకుండా సంగీతంలో నిలబడలేమా? ఏం చేయమంటారు?

నీ వయసు చూసి ‘నువ్వు’ అనే రాస్తున్నాను. ముందు గొలుసు సంగతి తేల్చేద్దాం, మిగతావి నింపాదిగా మాట్లాడుకోవచ్చు. అమ్మద్దు. తాకట్టూ పెట్టద్దు.

సినిమాలో పాట ఎవరి చేత పాడించాలో ముందు సంగీత దర్శకుడు అనుకుంటాడు. ఆ తర్వాత దర్శకుడు, నిర్మాత, ఒక్కోసారి హీరో, ఆడియో కంపెనీ వాళ్లు తలా ఒక మాట వేస్తారు. ఒకే పాటను ఇద్దరు ముగ్గురి చేత పాడించి ఒక గొంతు ఉంచుకోవడం మామూలే. పాట విడుదలయ్యేదాకా పాడినవాళ్లకే నమ్మకం ఉండదు. ఫీజు తీసుకుని నేర్పే సంస్థ చేతిలో ఈ నిర్ణయం ఎలా ఉంటుంది? ఎప్పటికీ విడుదల కాని సినిమాకు నీ చేత నాలుగు లైన్లు పాడించినా వాళ్ల లెక్కలో గ్యారంటీ తీరినట్టే. అనుమానముంటే ఒక పని చెయ్యి. ఏ సినిమా, ఎవరి సంగీతం, ఏ తేదీలోపు పాట రాకపోతే డబ్బు తిరిగిస్తారు అన్నవి కాగితం మీద రాసి సంతకం పెట్టమను. ఏమంటారో చూడు.

ఇక డిగ్రీ. స్టూడియోలో నిన్నెవరూ మార్కుల మెమో అడగరు. ఏ.ఆర్. రెహమాన్ తండ్రి పోయాక బడి చదువే పూర్తి చేయలేకపోయారు. 1992లో తొలి సినిమా వచ్చేదాకా ఏళ్ల తరబడి ఇతర సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించారు. ఘంటసాల విజయనగరం వెళ్లి మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని తింటూ సంగీతం చదువుకున్నారు. బాలు మద్రాసులో ఇంజినీరింగ్ (ఏఎంఐఈ) చదువుతూ పోటీల్లో పాడి సంగీత దర్శకుడు కోదండపాణి చెవిన పడ్డారు, 1966లో తొలి సినిమా పాట పాడారు. వీళ్ల పేర్లు తీసుకెళ్లి మీ మామయ్య ముందు పెట్టి “వాళ్లకేం డిగ్రీలున్నాయి?” అని మాత్రం వాదించకు. వాళ్లు వదిలిన చదువుకు బదులు ఏం నేర్చుకున్నారని ఆయన ఎదురడిగితే నీ దగ్గర ఇప్పుడు జవాబు లేదు. మధూకరం ఎత్తి తిన్నా ఘంటసాల కాలేజీ మానలేదు అని కూడా అనగలడు.

నీ ఉత్తరం చదువుతుంటే నాకనిపించింది, మీ మామయ్య కోపం డిగ్రీ గురించి కాదు. నువ్వు చెప్పకపోవడం గురించి. ఆర్నెల్లు ఆయన ఫీజు కడుతున్నాననే అనుకున్నాడు, ఊళ్లో పదిమందికీ మా మేనకోడలు బీకాం చదువుతోందని చెప్పుకున్నాడు. ఆ సంగతి బయటివాళ్ల నోట వినాల్సివచ్చింది. తండ్రి స్థానంలో నిలబడ్డ మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది? పెళ్లి సంబంధాల మాట ఆ కోపంలోంచి వచ్చిందే. అది తప్పు మాటే. దానికి నువ్వు తలవంచనక్కర్లేదు. అయితే రెండిటినీ ముడి పెట్టకు. దాచినందుకు క్షమాపణ అడుగు, పాడుతున్నందుకు అడగద్దు.

అమ్మను రాయబారం పంపకు. నువ్వే వెళ్లు, ఒక్కదానివే వెళ్లు. అత్తయ్య ఇంట్లో ఉన్న వేళ చూసుకో, ఆవిడ ఉంటే మాట మరీ తెగేదాకా పోదు. “కాలేజీ మానేసిన రోజే నీకు చెప్పాల్సింది మామయ్యా, భయపడ్డాను” అను. అంతకు మించి సంజాయిషీ వద్దు. తర్వాత ఒక నోటుబుక్కు ఆయన చేతిలో పెట్టు. గత ఏడాది ఏ నెలలో ఎన్ని ప్రోగ్రాములు, ఎంతొచ్చింది, బట్టలకీ ఆటోలకీ ఎంత పోయింది, ఇంట్లో ఎంతిచ్చావు, అన్నీ రాసి ఉండాలి. ఆయన ఏం పని చేస్తాడో నువ్వు రాయలేదు కానీ, ఏడాదికేడాది ఫీజు కట్టుకొచ్చిన మనిషికి అంకెలు అర్థమవుతాయి. ‘నా కల’ అన్న మాట ఆయనకు భయం పుట్టిస్తుంది. నెలకింత వస్తోంది, ఏడాదిలో దాన్ని ఇంత చేస్తాను, చేయలేకపోతే ఫలానా పని చూసుకుంటాను అంటే కనీసం వింటాడు. వెంటనే కరగకపోవచ్చు. మొదటిసారి కాఫీ తాగి రా, చాలు.

ఆ లెక్క రాస్తే నీకూ ఒకటి తెలిసొస్తుంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు, ప్రోగ్రాములూ ఉండవు. భాద్రపదంలో పెళ్లిళ్లు లేకపోయినా గణేశ్ పందిళ్లు ఆదుకుంటాయి. పుష్యంలో మళ్లీ ఎండు. అంటే నీ సంపాదన నెల జీతం కాదు, పంట డబ్బు. శ్రావణంలో, మాఘంలో వచ్చినదాంట్లోంచి ఖాళీ నెలలకు తీసిపెట్టుకోవాలి. ఈ రంగంలో పేరున్నవాళ్లు కూడా ఇలాగే బతుకుతారు.

ఆర్కెస్ట్రా అన్నది సిగ్గుపడాల్సిన పని అని నీకు కూడా ఎక్కడో ఉన్నట్టుంది, ఉత్తరంలో ఆ మాట రాసినచోట కొంచెం ముడుచుకున్నావు. రిహార్సల్ లేకుండా స్టేజీ ఎక్కి, చీటీ వచ్చిన పాట ఎత్తుకుని, కీబోర్డతను శ్రుతి ఒక కట్టె తగ్గించి పట్టుకున్నా సర్దుకుని పాడటం ఏ కోర్సూ నేర్పదు. నీకు లేనిది స్టూడియో అలవాటు. అది వేరే విద్య. హెడ్‌ఫోన్లో క్లిక్ (తాళం చూపే టిక్ టిక్ చప్పుడు) వింటూ తాళం జారకుండా పాడాలి. ఒకే లైను పదిసార్లు పాడినా భావం పదిసార్లూ ఒకేలా పలకాలి, ఎందుకంటే పదింట్లోంచి ముక్కలేరి ఒకటి చేస్తారు. ఎదురుగా జనం ఉండరు, చప్పట్లుండవు. స్టేజీ మైకుకు అలవాటుపడ్డ గొంతు స్టూడియో మైకు ముందు అరుపులా వినిపిస్తుంది. ట్యూన్ వినిపించిన పావుగంటలో పట్టుకుని స్వరం రాసుకోగలగాలి. కోరస్‌లో పై శ్రుతిలో ఒకరు పాడుతుంటే నీ లైను నువ్వు వదలకూడదు.

వీటికి రెండు లక్షలు అక్కర్లేదు. విజయవాడలో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. ప్రైవేటు సంస్థలతో పోలిస్తే ఆ ఫీజులు లెక్కలోకే రావు. నువ్వు కర్ణాటక సంగీత విద్వాంసురాలివి కావాలని చెప్పడం లేదు. సరళీ స్వరాలు, జంటలు, అలంకారాలు, గీతాలు శుద్ధంగా వస్తే నీ గొంతు నీ చెప్పుచేతల్లో ఉంటుంది. ఇంకో లాభం, పిల్లలకు పాఠాలు చెప్పుకోవచ్చు. అమెరికాలో తెలుగువాళ్ల పిల్లలు ఆన్‌లైన్‌లో సంగీతం నేర్చుకుంటున్నారు. అక్కడి సాయంత్రం మనకు పొద్దున, నీ ప్రోగ్రాములకు అడ్డురాదు. గాయనుల్లో చాలామందికి ఇల్లు గడిపేది పాఠాలే. టీవీలో ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఇంట్లో రికార్డింగుకు మైకును కంప్యూటరుకు కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, కండెన్సర్ మైకు, మంచి హెడ్‌ఫోన్లు చాలు. కొంచెం వెతుక్కుంటే ఇరవై వేలలో అయిపోతుంది. అమ్మ మిషన్ చప్పుడు లేని వేళ, కిటికీలకు దుప్పట్లు వేసి పాడుకో. ఇవాళ చాలా ట్రాకులు ఇంట్లో పాడి పంపేవే.

ట్రాక్ విషయంలో నీకు జరిగినదాంట్లో సగం మోసం, సగం పద్ధతి. ట్రాక్ పాడినవాళ్ల గొంతు తీసేసి పేరున్న గాయని చేత పాడించడం పద్ధతే, దానికి బాధపడకు. డబ్బివ్వకపోవడం మోసం. ఇకమీదట పాడేముందే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టు. ట్రాక్‌కు ఇంత, ఫైనల్‌లో నా గొంతే ఉంచితే ఇంత, పేరు వెయ్యాలి. రెండు రేట్లూ ముందే ఉండాలి. “ఇంత చిన్న పనికి మెసేజ్ ఎందుకమ్మా” అనేవాళ్ల దగ్గర పాడకు.

సంతకం పెట్టమంటే చదివి పెట్టు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీ హక్కు గట్టిపడింది, పాడినవాళ్లకూ ప్రదర్శకుల హక్కుల కింద వాటా ఉంది. రచయితల, స్వరకర్తల తరఫున వసూలు చేసేది ఐపీఆర్‌ఎస్, గాయకుల తరఫున ఇస్రా పేరుతో 2013లో మొదలై ఇప్పుడు ఇసామ్రాగా ఉన్న సంస్థ. నీ పాటలు నాలుగైదు బయటికొచ్చాక సభ్యత్వం సంగతి చూసుకో, ఇప్పుడే తొందరేమీ లేదు. తొందరగా చూసుకోవాల్సింది వేరే ఉంది. నీ గొంతును ఏఐ తయారీకి వాడుకోవచ్చని ఒప్పందంలో ఒక లైను కలిపారేమో చూడు. ఉంటే కొట్టేయించు. బాలు గొంతును అనుమతి లేకుండా ఏఐతో సృష్టించారని ఆయన కొడుకు 2024లో ఒక సినిమా వాళ్లకు లీగల్ నోటీసు పంపాల్సివచ్చింది. అంత పెద్దాయన గొంతుకే దిక్కులేనప్పుడు మన సంగతి మనమే చూసుకోవాలి.

హైదరాబాద్ వెళ్లద్దనను. సామాను సర్దుకుని కాపురానికి వెళ్లినట్టు మాత్రం వెళ్లకు. ఆషాఢంలో ఎలాగూ పని ఉండదు, రెండు వారాలు వెళ్లి రా, చుట్టాలింట్లో ఉండు. ఒక్కో నిమిషం చొప్పున మూడు రకాల పాటలు, మెలోడీ ఒకటి, జానపదం ఒకటి, హుషారైనది ఒకటి, నీ మైకు మీద శుభ్రంగా పాడి ఫోన్లో ఉంచుకో. సంగీత దర్శకుల గేట్ల ముందు నిలబడకు. వాళ్ల దగ్గర పనిచేసే కీబోర్డ్ ప్రోగ్రామర్లను, సౌండ్ ఇంజినీర్లను కలువు. అర్ధరాత్రి ట్రాక్ కావాల్సివస్తే ఫోన్ చేసేది వాళ్లే, వాళ్లకు గుర్తుండాలి నువ్వు. మీ ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లలో ఒకరిద్దరికైనా అక్కడ తెలిసినవాళ్లుంటారు, ఆ నంబర్లు తీసుకో. సినిమా ఒక్కటే అనుకోకు. యూట్యూబ్ జానపదాలు, భక్తి పాటలు, సీరియల్ పాటలు, ఎన్నికలప్పుడు పార్టీ పాటలు, వీటిలో పాడి ఇల్లు కట్టుకున్నవాళ్లున్నారు.

ఫ్లాటులో ‘మీటింగ్’ అంటే వెళ్లద్దు. రాత్రి రికార్డింగైతే తోడు ఎవరినైనా తీసుకెళ్లు, తోడు వద్దన్నచోట పాడద్దు. పది మందిలోపు పనిచేసే స్టూడియో అయినా సరే, ఎవరైనా వేధిస్తే పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం కింద జిల్లా స్థాయిలో లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ ఉద్యోగివి కాకపోయినా ఆ హక్కు నీకుంది.

ఇంత చెప్పాక కూడా డిగ్రీ పూర్తి చెయ్యమనే అంటాను. సంగీతం కోసం కాదు. పాట గొంతు మీద ఆధారపడ్డ పని. జలుబు, దుమ్ము, రాత్రి నిద్ర లేకపోవడం, స్వరతంతుల మీద కాయలు, ఏదో ఒకటి నాలుగు నెలలు కూర్చోబెడితే అప్పుడు చేతిలో ఇంకో పని ఉండాలి. దూరవిద్య చెప్పే విశ్వవిద్యాలయం ఇగ్నోలో బీకాం ఉంది. మూడేళ్లలో అవ్వచ్చు, ఆరేళ్ల దాకా గడువుంటుంది, అటెండెన్స్ గొడవ లేదు. జనవరికి, జులైకి అడ్మిషన్లు తీసుకుంటారు. ముందు పాత కాలేజీకి వెళ్లి టీసీ, ఇంటర్ మెమో తెచ్చుకో. బకాయి ఉందంటారు, ఎంతో అడుగు. ఆ డబ్బు మాత్రం మామయ్యను అడగద్దు, ప్రోగ్రాముల డబ్బుతో నువ్వే కట్టి, రసీదు ఆ నోటుబుక్కులో అంటించు.