ఆశ్రయం ఇంటర్వ్యూకు దుబాసీగా వెళ్ళవచ్చునా?

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటున్నది. తనతో చదువుకున్న మా ఊరి పిల్ల కులాంతర వివాహం చేసుకున్నందుకు సొంతవాళ్ళ నుంచే ప్రాణభయం ఉందని అక్కడ ఆశ్రయం కోసం దరఖాస్తు పెట్టుకున్నది. వచ్చే నెల ఇంటర్వ్యూ. ఇంగ్లీషు అంతంత మాత్రమే కనుక మా అమ్మాయిని దుబాసీగా రమ్మంటున్నది. పంపవచ్చునా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: పంపవచ్చునమ్మా. 18 ఏళ్ళు నిండి, ఇంగ్లీషూ తెలుగూ ధారాళంగా వచ్చి ఉండాలి. దరఖాస్తు పెట్టుకున్న పిల్ల తరఫు వకీలు గాని, కేసులో సాక్షి గాని, మన ప్రభుత్వ ప్రతినిధి గాని దుబాసీగా కూర్చోకూడదు. మీ అమ్మాయి ఆ బెదిరింపులను కళ్ళారా చూసి ఉంటే సాక్షిగా ఉండడమే మేలు, అప్పుడు వేరొకరిని వెతకండి. ఆలస్యం చేయవద్దు. 2023 సెప్టెంబరు 13 నుంచి ఈ ఇంటర్వ్యూకు దుబాసీని దరఖాస్తుదారే వెంట తెచ్చుకోవాలి. తగిన కారణం లేకుండా తేకపోతే అసలు హాజరే కానట్టు లెక్కగట్టవచ్చు. కేసు ఇమ్మిగ్రేషన్ కోర్టుకు వెళితే మాత్రం అక్కడ కోర్టే దుబాసీని ఏర్పాటు చేస్తుంది.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది మన మాట తీరు. పెదనాయన కొడుకును కూడా మనం ‘అన్న’ అనే అంటాం. ‘మా అన్న కొట్టిండు’ అని ఆమె చెప్పినప్పుడు దుబాసీ దానిని సొంత అన్నగా అనువదిస్తే, తోబుట్టువుల వివరాలు అడిగే ఐ-589 అనే ఆశ్రయం దరఖాస్తు ఫారంలో అన్న పేరే లేదేమని అధికారికి అనుమానం వస్తుంది. ‘మొన్న’ అంటే రెండు రోజుల కిందట అని కావచ్చు, రెండు నెలల కిందట అని కూడా కావచ్చు. ‘సమ్మక్క జాతర అయినంక ఇంటి మీదికి వచ్చిండ్రు’ అన్న మాట మన వరంగల్ వాళ్ళకు చాలు గాని, రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతర 2022లోనూ 2024లోనూ ఫిబ్రవరిలోనే జరిగింది కనుక, ఏ ఏడాదో చెప్పకపోతే తేదీలు తారుమారవుతాయి. ఇటువంటి తేడా దొరికితే నిజం చెబుతున్న మనిషిని కూడా నమ్మకపోయే ప్రమాదం ఉంది. అందుకే ఎవరు ఏ వరస, ఏది ఏ నెలలో జరిగింది అన్నది ఆ పిల్ల ముందుగానే కాగితం మీద రాసుకుని, ఫారంలో రాసిన దానితో సరిచూసుకోవాలి.

గదిలోకి వెళ్ళాక మీ అమ్మాయి స్నేహితురాలిగా ఏమీ కలపకూడదు, బాగుండదని ఏదీ తగ్గించకూడదు. ఆ పిల్ల తిట్టును తిట్టుగా చెబితే అలాగే చెప్పాలి. ఏడ్చి ఆగిపోతే తానూ ఆగాలి. ప్రశ్న అర్థం కాకపోతే ‘మళ్ళీ అడగండి’ అని ఆ పిల్ల అడగవచ్చు, ఊరికే తల ఊపడం మాత్రం వద్దు.

ఇక్కడి పోలీసు ఫిర్యాదు నకలు వంటి తెలుగు కాగితాలు పంపుతుంటే, ప్రతి దానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ఆ అనువాదం సంపూర్ణమనీ, సరైనదనీ, తనకు ఆ రెండు భాషలు వచ్చుననీ అనువదించినవారు సంతకం చేసి ధ్రువీకరించాలి.