లారీ పక్క సందులోకి వెళ్లకు

అమ్మలూ,

ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది, ఆ వెంటనే టెన్షనూ పట్టుకుంది. ముప్ఫై ఏళ్లకు పైగా లారీ నడిపినవాణ్ణి. ఆ సీట్లోంచి సైకిల్ ఎక్కడ కనిపిస్తుందో, ఎక్కడ అసలు కనపడదో తెలిసినవాణ్ణి. అందుకే ఈ ఉత్తరం.

సిగ్నల్ దగ్గర ఆగిన లారీకి, రోడ్డు అంచుకి మధ్య సైకిల్ పట్టేంత సందు ఉంటుంది. అందులోంచి ముందుకు పోదామనిపిస్తుంది. వెళ్లకు. మిగతావన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటి మర్చిపోకు. మనలా ఎడమ పక్కన నడిచే రోడ్ల మీద డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు, అతని కళ్లు నేలకి రెండు మీటర్లకు పైన ఉంటాయి. ఎడమ తలుపు కింద, బండిని ఆనుకుని ఉన్న మనిషి కిటికీలోంచి కనపడడు. అద్దంలో కనపడొచ్చు, అదీ సరిగ్గా ఆ క్షణంలో అతను ఆ అద్దంలోకి చూస్తే. కుడి నుంచి వచ్చే బండ్లని చూస్తున్నాడా, ఇక నువ్వు అక్కడ లేనట్టే.

ఈ మాట ఎవరో చెప్తే విని చెప్పడం లేదు. ఒకసారి సిగ్నల్ పడ్డాక ఎడమకి తిప్పుతున్నాను. ఇండికేటర్ వేశాను, అద్దం చూశాను, ఎవరూ లేరు. బండి కదిలాక రేకు మీద ఏదో గీరుకున్న చప్పుడైంది. బ్రేకు తొక్కి దిగి చూస్తే ఒక కుర్రాడు, వాడి హ్యాండిల్ లారీకి ఆనుకుని ఉంది. వాడి చెప్పు ఒకటి వెనక చక్రానికి జానెడు దూరంలో పడి ఉంది. వాడికేం కాలేదు. నేను అద్దం చూడ్డానికీ స్టీరింగ్ తిప్పడానికీ మధ్య రెండు మూడు సెకన్లలో ఆ సందులోకి వచ్చాడు. రెండోసారి చూడాల్సింది నేనే, అందులో అనుమానం లేదు. కానీ ఆ చెప్పు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

వెనక చక్రాల సంగతి కూడా తెలుసుకో. మలుపులో అవి ముందు చక్రాలు వెళ్లిన దారిలో రావు, లోపలి మూలని కోసుకుంటూ వస్తాయి. బండి ఎంత పొడవుంటే అంత ఎక్కువ లోపలికి. అందుకే పొడవు బండి డ్రైవర్ ఎడమకి తిప్పే ముందు కాస్త కుడికి జరుగుతాడు. చూసేవాళ్లకి మనకి దారిచ్చాడనిపిస్తుంది. కాసేపట్లో మూసుకుపోయేది ఆ ఖాళీయే.

మరి ఎక్కడ ఆగాలి? లారీ వెనకాల, కాస్త దూరంగా, దాని అద్దంలో డ్రైవర్ మొహం నీకు కనిపించే చోట. మొహం కనపడలేదంటే అతనికి నువ్వూ కనపడవు. కనిపించినంత మాత్రాన నిన్ను చూశాడనీ అనుకోకు. ఎప్పుడైనా లారీ ముందు ఆగాల్సి వస్తే బంపర్‌కి దగ్గరగా నిలబడకు, అక్కడా అతనికి ఏమీ కనపడదు. నాలుగైదు మీటర్లు ముందుకెళ్లి ఆగు. స్టాపులో ఆగిన బస్సుకి ఎడమ పక్క నుంచి మాత్రం ఎప్పుడూ పోకు, జనం దిగుతుంటారు.

నడుస్తున్న లారీ ముందుకి హఠాత్తుగా రావద్దు. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఒకటిన్నర సెకన్లకే బండి 25 మీటర్లు పోతుంది. డ్రైవర్ నిన్ను చూసి కాలు బ్రేకు మీద వేసి, ఎయిర్ బ్రేకు పట్టుకునేసరికే అంత టైమ్ అయిపోతుంది. బండి ఆగడం ఆ తర్వాత సంగతి. రోడ్డు అంచుకి మరీ అతుక్కుపోయి తొక్కకు, ఒక మీటరు ఇవతలికి తిన్నగా తొక్కు. గుంత వచ్చినప్పుడు పక్కకి తప్పుకునే చోటుంటుంది. పెద్ద బండి నిన్ను దాటేటప్పుడు గాలి ముందు నిన్ను అవతలికి తోస్తుంది, ఆ వెంటనే బండి వైపు లాగుతుంది. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచు, మోచేతులు బిగించకు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకు. చీకటి పడకముందే వెనక ఎర్ర లైటు వేసుకో.

యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి కొత్త లారీలకి, బస్సులకి పక్కన సైకిల్ ఉంటే డ్రైవర్‌ని హెచ్చరించే పరికరం తప్పనిసరి చేశారు. మంచి పని. కానీ పాత బండ్లు ఇంకా ఏళ్ల తరబడి రోడ్ల మీద తిరుగుతాయి, నువ్వు ఏ బండి పక్కన ఉన్నావో నీకు తెలియదు. లండన్‌లో పోలీసులే సైకిల్ తొక్కేవాళ్లని ఆగి ఉన్న లారీ సీట్లో కూర్చోబెట్టి, ఏది కనపడదో చూపించే కార్యక్రమం నడిపారు. నాకు అది బాగా నచ్చింది.

ఆదివారం నీ సైకిల్ తీసుకుని రా. నా స్నేహితుడి లారీ ఆ రోజు ఖాళీగా ఉంటుంది. నువ్వు డ్రైవర్ సీట్లో కూర్చో, నేను నీ సైకిల్ నడిపించుకుంటూ బండి చుట్టూ తిరుగుతాను. నేను కనపడకుండా పోయినప్పుడల్లా హారన్ కొట్టు, ఆగిన చోటల్లా సుద్దముక్కతో గీత గీస్తాను.

మీ మావయ్య